రాయగడలో బదిలీ లేని ఉద్యోగి

రాయగడ జిల్లాకి వచ్చిన ఏ అధికారి ముఖం చూసినా, మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోదామా అన్న ఆత్రమే కనిపిస్తుంది. అవిభక్త కొరాపుట్‌కి పోస్టింగంటే శిక్ష కింద జమకట్టే అలవాటు ఒడిశా సర్కారీ కొలువులో ఇంకా చావలేదు. వచ్చినవారు సూట్‌కేసు సగమే విప్పుతారు. మిగతా సగం విప్పేలోగా భువనేశ్వర్ నుంచి ఆర్డరొస్తుంది. రాకపోతే మజ్జిగౌరమ్మకి మొక్కుతారు. ఇందరు వస్తూ పోతూ ఉండగా, ఒక్క ఉద్యోగి మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదలడు. జీతం అడగడు. టీఏ బిల్లు పెట్టడు. సెలవు చీటీ రాయడు. రిటైరయ్యే వయసు లేదు. ఒకే క్షణంలో ఆరు ఆఫీసుల్లో డ్యూటీ చేస్తాడు. సర్వీసు రిజిస్టర్లన్నీ తిరగేసినా ఆయన పేరు దొరకదు. కానీ ఆయన మాట లేనిదే ఏ ఆఫీసులోనూ కంప్యూటరు నోరు విప్పదు. ఆయనే అడ్మిన్‌గారు.

అడ్మిన్‌గారి నివాసం నెట్‌వర్క్ స్విచ్. స్టోర్ రూములో పాత ఫైళ్ళ కట్టలకీ పాడైపోయిన కూలర్‌కీ మధ్య, గోడకి బిగించిన ఇనప పెట్టె ఉంటుంది చూడండి, వరసగా రంధ్రాలూ, వాటినిండా నీలం తీగలూ, మిణుకు మిణుకుమనే పచ్చ దీపాలూ, అదే. ఆఫీసులోని కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, వేలిముద్రల హాజరు యంత్రం, అన్నిటి తీగలూ వచ్చి చేరేది అందులోకే. ఏ తీగ ఏ తీగతో మాట్లాడాలి, ఏది మాట్లాడకూడదు, జీతాల సెక్షనుకీ వచ్చేపోయేవాళ్ళ వైఫైకీ మధ్య అడ్డుగోడ ఎక్కడ కట్టాలి, ఇవన్నీ తేల్చేది ఆ పెట్టెలోని కాన్ఫిగరేషన్. దాన్ని మార్చాలంటే నల్ల తెర మీద ఒక్కో ఆజ్ఞా టైపు చెయ్యాలి. కమాండ్ లైన్ అంటారు. బొమ్మలుండవు, బటన్లుండవు, 'నిజంగానే తీసెయ్యమంటారా' అని బతిమాలడం బహు తక్కువ. ఒక్క పంక్తి తప్పు పడితే జీతాల బిల్లు ట్రెజరీ దాకా పోదు. ఆ పంక్తి కొట్టింది ఎవరు? ఎవరు కొట్టినా అడ్మిన్‌గారు కొట్టినట్టే లెక్క.

ఆయన పాస్‌వర్డ్ ఏమిటంటే ఊరిపేరు, దాని పక్కన ఎట్ గుర్తు, దాని పక్కన 123. ఇది నేను ఊహించి రాసింది. ఎక్కడైనా అచ్చంగా సరిపోతే ఆ పాపం నాది కాదు. దీన్ని అలుసుగా చూడకండి. పెద్దక్షరం ఉండాలన్నారు, ఊరిపేరు పెద్దక్షరంతోనే మొదలవుతుంది. అంకె ఉండాలన్నారు, మూడున్నాయి. ప్రత్యేక చిహ్నం ఉండాలన్నారు, అదీ ఉంది. నిబంధనని అక్షరాలా పాటిస్తూనే, అది దేనికోసం పుట్టిందో ఆ పనికి మాత్రం పూర్తిగా ఎగనామం పెట్టడంలో మన ఆఫీసు మేధకి సాటి లేదు. ఇంత కష్టపడి తయారుచేసిన రహస్యాన్ని మరిచిపోతామేమో అని, తెల్ల స్టిక్కరు మీద స్కెచ్ పెన్నుతో రాసి స్విచ్ మూత మీదే అంటించారు. ఆపైన వాట్సాప్ గ్రూపులో శుభోదయం గులాబీల మధ్య పిన్ చేసి పెట్టారు. ఆ గ్రూపులోంచి బదిలీ అయినవాళ్ళని ఎవరూ తీసెయ్యరు. మర్యాదగా ఉండదు కదా.

స్విచ్‌ని తయారుచేసినవాళ్ళు పాపం చాలా ఆలోచించారు. సిస్కో పెట్టెలో అధికారానికి 0 నుంచి 15 దాకా పదహారు మెట్లు పెట్టారు. మామూలుగా లోపలికొచ్చినవాడు ఒకటో మెట్టు మీద నిలబడి చూస్తాడు, కదిలించలేడు. 'ఎనేబుల్' అని కొట్టి రహస్యపదం చెప్పినవాడు పదిహేనో మెట్టెక్కుతాడు, ఇక అతనికి అడ్డు లేదు. మధ్య మెట్లు మన చేతుల్లో ఉన్నాయి. ఒకరికి చూడటం వరకే, ఇంకొకరికి ఒక పోర్టు ఆపి తెరవడం వరకే అని పంచుకోవచ్చు. ఎవరి కుర్చీకి తువ్వాలు, ఎవరి కుర్చీకి చేతులు, ఎవరి బల్లకి గాజు పలక అని తరతరాలుగా తేల్చుకున్న జాతి మనది. పదహారు మెట్లు చూపిస్తే ప్రాణం లేచి రావాలి. వచ్చిందా? అందర్నీ తీసుకెళ్ళి పదిహేనులో కూర్చోబెట్టాం. రాజ్యాంగం వచ్చి డెబ్భై అయిదేళ్ళు దాటినా బయట ఎక్కడా కనపడని సమానత్వం ఒక ఇనప పెట్టెలో వెలిసింది. పెద్ద గుమాస్తా బొడొబాబు ఎదుట కుర్చీలో కూర్చోడానికి జంకి, మాట మాటకీ 'ఆగ్యా' అంటూ నిలబడే కాంట్రాక్టు కుర్రాడు, అదే బొడొబాబు జీతం బిల్లు నడిచే తీగని తెంపగల చక్రవర్తి. ఆ సంగతి ఇద్దరికీ తెలియకపోవడం వల్లే ఆఫీసు ప్రశాంతంగా ఉంది.

రాయగడ చుట్టూ ఫ్యాక్టరీలకేం తక్కువ లేదు. జేకేపూర్‌లో కాగితం మిల్లు, థేరుబాలిలో ఫెర్రో అల్లాయ్స్, దొరగుడలో అల్యూమినా. ఫ్యాక్టరీ గేటు దాటాలంటే ఎంత తంతు ఉంటుందో ఇక్కడి పిల్లాణ్ణడిగినా చెబుతాడు. పేరు, ఊరు, గుర్తింపు కార్డు, ఎవరిని కలవాలి, ఏం పని, లోపలికి పోయిన టైము, బయటికొచ్చిన టైము, సంతకం. నెట్‌వర్క్ పండితులు ట్రిపుల్ ఏ అని గంభీరంగా పేరు పెట్టి పుస్తకాలు రాసిన విద్య ఇంతే. ఎవరు నువ్వు, నీకు దేనికి అనుమతి, ఏం చేసి వెళ్ళావు. ఈ మూడు ప్రశ్నలూ ఏడో తరగతితో బడి మానేసిన వాచ్‌మన్ రోజుకి వందసార్లు అడుగుతాడు. ట్యాకాక్స్ ప్లస్ అనే పద్ధతి పెట్టుకుంటే స్విచ్ కూడా అడుగుతుంది. కొట్టిన ప్రతి ఆజ్ఞనీ కొట్టినవాడి పేరుతో, టైముతో సహా వేరే సర్వర్లో రాసి పెడుతుంది. కానీ మన ఆఫీసులో గేటు రిజిస్టరు ఒక మనిషి వచ్చాడంటుంది, స్విచ్ అడ్మిన్‌గారు వచ్చాడంటుంది. ఆ మనిషే ఈ అడ్మిన్‌గారు అని రుజువు చేసే కాగితం భూమ్మీద లేదు.

ఇక అడ్మిన్‌గారి దర్బారు సంగతి. దూరం నుంచి స్విచ్‌లోకి రావడానికి పరిమితంగా వరసలుంటాయి. పాత పద్ధతిలో సున్నా నుంచి నాలుగు దాకా అయిదు, మరికొన్ని పెట్టెల్లో పదహారు. ఒక్కో వరసా ఒక్కో సెషన్. పది నిమిషాలు ఏమీ టైపు చెయ్యకుండా ఊరికే ఉంటే, ఆ సెషన్‌ని స్విచ్ తనంతట తానే మూసేస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. టీ తాగి వచ్చేసరికి తలుపు మూసేసి ఉంటోందని విసుక్కున్న ఇంజనీరెవరో ఎప్పుడో 'ఎగ్జెక్ టైమవుట్ జీరో జీరో' అని ఒక పంక్తి రాసిపోయాడు. అంటే, కదలకుండా ఎన్నేళ్ళు కూర్చున్నా లేవనెత్తకు అని. రాసినవాడు పోయాడు, పంక్తి ఉంది. ఇప్పుడొక ఇంజనీరు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు స్విచ్‌లోకి వస్తాడు. రాయగడ నుంచి కొరాపుట్ దారి చూసినవాళ్ళకి తెలుసు, సొరంగం వెనక సొరంగం. మొదటి సొరంగంలో సిగ్నల్ పోయింది. ఇంజనీరు ల్యాప్‌టాప్ మూసి కునుకు తీశాడు. స్విచ్‌కి ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు? అతని సెషన్, పదిహేనో మెట్టు అధికారంతో సహా, అక్కడే కూర్చుని ఉంటుంది. బయటికొచ్చాక ఆయన మళ్ళీ లోపలికి వచ్చాడు, రెండో వరస. ఇంకో సొరంగం, మూడో వరస. కొరాపుట్ చేరేసరికి ఆయన ఒక్కడే అయిదుగురయ్యాడు.

మర్నాడు ఆఫీసు కుర్రాడు విశాఖపట్నంలోని మెయింటెనెన్సు కాంట్రాక్టరు మనిషికి ఫోన్ చేస్తాడు.

"అన్నా, స్విచ్ లోపలికి ఎల్లనివ్వట్లేదు."

"ఎవురో ఉండుంటార్రా లోపల."

"ఎవురు?"

"ఇంకెవురు, అడ్మినే."

"మరి నేనెవుర్ని?"

"నువ్వూ అడ్మినే."

"అయిదుగురూ అడ్మినేనా?"

"ఆఁ."

"అయితే ఏ అడ్మిన్ని దించీమంటావు?"

"అదంతా ఏటెందుకురా నీకు. కరెంటు తీసీ, మళ్ళీ పెట్టీ."

ఆ ఇనప పెట్టెకి ఒక కన్సోల్ పోర్టుంది. దానికి తీగ తగిలించి, 9600 వేగంతో పలకరించి, 'షో యూజర్స్' అంటే ఏ వరసలో ఎవరున్నారో, ఎంతసేపటి నుంచి కదలకుండా ఉన్నారో వరసగా చెబుతుంది. 'క్లియర్ లైన్' అంటే దయ్యం దిగిపోతుంది. కానీ కన్సోల్ తీగ ఎక్కడో ఎవరికీ తెలియదు. కొన్ననాడు పెట్టెలో వచ్చింది. ఆ పెట్టెలో ఇప్పుడు దీపావళి లైట్ల దండలున్నాయి. అంచేత కరెంటు తీశారు, పెట్టారు.

ఇక్కడ మొదలవుతుంది అసలు చరిత్ర. కరెంటు పోగానే, ఆర్నెల్ల కిందట ఎవరో చేసి, సేవ్ చెయ్యడం మరిచిపోయిన మార్పులన్నీ ఎగిరిపోయాయి. మెమరీలో రాసుకున్న లాగ్ పోయింది. గడియారం కూడా పోయింది. చాలా సిస్కో స్విచ్‌లలో గడియారానికి సొంత బ్యాటరీ ఉండదు. సరైన టైము చెప్పే సర్వర్‌తో కలపకపోతే, ఆ పెట్టె కళ్ళు తెరిచినప్పుడల్లా ఈ రోజు 1993 మార్చి 1, అర్ధరాత్రి అనుకుంటుంది. కొరాపుట్ నుంచి విడివడి రాయగడ జిల్లా పుట్టింది 1992 అక్టోబర్ 2న. అంటే ఊళ్ళో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మన స్విచ్ దృష్టిలో ఈ జిల్లాకి అయిదు నెలలు నిండటానికి ఇంకా ఒక్క రోజుంది. కొరాపుట్ నుంచి ఫైళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈ ఆఫీసుకి పునాది పడలేదు. అయినా అడ్మిన్‌గారు డ్యూటీలో ఉన్నారు.

ఒకవేళ ఏదైనా జరిగి విచారణ కమిటీ వేస్తే నివేదిక ఎంత అందంగా ఉంటుందో ఊహించండి. ఎవరు చేశారు? అడ్మిన్. ఎప్పుడు? 1993 మార్చి 1న. ఎక్కడ నుంచి? లోపలి నుంచి. ఇక్కడితో విచారణ ముగిసింది. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ దేశంలోని సంస్థలన్నిటికీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. గడియారాలన్నీ ఎన్ఐసీ టైముతోనో జాతీయ భౌతిక ప్రయోగశాల టైముతోనో కలపండి, లాగ్‌లు 180 రోజులు దాచండి, దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో చెప్పండి అని. దాన్ని ప్రింటు తీసి, 'చూసితిమి' అని సంతకం పెట్టి, ఫైలులో కుట్టి ఉంటారని నేను ఘంటాపథంగా చెప్పగలను. కుట్టిన ఫైలు స్విచ్ పక్కనే ఉంటుంది. స్విచ్‌కి చదవడం రాదు.

అడ్మిన్‌గారు లోపలికి వెళ్ళే దారి పేరు టెల్‌నెట్. ఆ దారిలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా తీగ మీద నడిచి పోతుంది. మధ్యలో తీగకి చెవి ఆనించినవాడికి అక్షరం అక్షరం వినిపిస్తుంది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవడో ఇలాగే పొంచి కూర్చుని పాస్‌వర్డ్‌లు ఏరుకుంటే, తాతూ యూలొనెన్ అనే అక్కడి పరిశోధకుడికి చిర్రెత్తి, అదే ఏడాది ఎస్ఎస్‌హెచ్ అనే ముసుగు దారి తయారుచేసి లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళు దాటింది. స్విచ్‌లో 'ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్' అని ఒక పంక్తి రాస్తే టెల్‌నెట్ తలుపు మూతపడుతుంది. ముందుగా ఒక తాళం జత పుట్టించాలి, దానికి నిమిషం. "పాత సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఎస్‌హెచ్ రాదండీ" అంటారు. వచ్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించొచ్చు కదా అంటే, "ఎక్కిస్తే ఏదైనా అయిపోతే?" అంటారు. ఏమీ కాకుండా ఉండటమే భద్రత అని మన సిద్ధాంతం. ఏదైనా అయ్యాక తెలియకుండా ఉండటం అంతకన్నా గొప్ప భద్రత.

పాస్‌వర్డ్‌లు కాన్ఫిగరేషన్‌లో తేటగా కనపడుతున్నాయని ఆడిట్‌లో ఎవరో అభ్యంతరం రాస్తే, 'సర్వీస్ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్' అని ఒక పంక్తి కొట్టారు. అక్షరాలన్నీ అంకెల గజిబిజిగా మారిపోయాయి. ఆడిట్ బాబు తృప్తిగా టిక్కు పెట్టి వెళ్ళాడు. ఆ గజిబిజికి టైప్ 7 అని పేరు. దాన్ని విప్పే తాళంచెవి ప్రపంచంలోని సిస్కో పెట్టెలన్నిటికీ ఒకటే, 1990ల నుంచే అది బజార్లో ఉంది. విప్పడానికి ఒక్క క్షణం చాలు. భుజం మీదుగా తొంగి చూసేవాడి నుంచి దాచడానికే తప్ప ఇంకెందుకూ ఇది పనికిరాదని తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నారు. పక్కనే 'సీక్రెట్' అన్న పదముంది, దానితో పెట్టిన పాస్‌వర్డ్ ఇలా తిరగేస్తే విడిపోదు. 'పాస్‌వర్డ్' అని కొట్టడానికీ 'సీక్రెట్' అని కొట్టడానికీ వేళ్ళకి పడే శ్రమలో తేడా లేదు. అయినా మనవాళ్ళు మొదటిదే కొడతారు. నేర్పినవాడు అదే నేర్పాడు, నేర్పినవాడికి నేర్పినవాడూ అదే.

అందరి చేతుల్లో ఉండటం తప్పయితే ఒక్కడి చేతిలో పెడితే సరిపోతుందా? ఆ ముచ్చటా అమెరికా తీర్చుకుంది. శాన్ ఫ్రాన్సిస్కో నగరపాలన నడిచే ఫైబర్ నెట్‌వర్క్ మొత్తానికి తాళాలు టెర్రీ చైల్డ్స్ అనే ఒక్క ఇంజనీరు దగ్గర ఉండేవి. 2008 జూలైలో పైఅధికారులు పాస్‌వర్డ్‌లు అడిగితే, మీకిస్తే పాడుచేస్తారని ఇవ్వనన్నాడు. జైల్లో వేశారు. అయినా ఇవ్వలేదు. చివరికి మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకి వెళ్ళి అడిగితే ఆయన చేతికిచ్చాడు. 2010లో నాలుగేళ్ళ శిక్ష పడింది. అక్కడ మేయర్ జైలు మెట్లెక్కితేగానీ పాస్‌వర్డ్ దొరకలేదు. మన దగ్గర అంత దూరం ఎవరూ పోనక్కర్లేదు. స్టోర్ రూము తలుపు పక్క మేకుకి వేలాడే తాళంచెవి తీసుకుంటే స్టిక్కరు కనిపిస్తుంది. స్టిక్కరు చిరిగిపోయినా భయం లేదు. చాలా మోడళ్ళలో స్విచ్ ముఖం మీది మోడ్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు పెడితే, పాస్‌వర్డ్ పోగొట్టుకున్నవాళ్ళ కోసం కంపెనీవాళ్ళు పెట్టిన దొడ్డిదారి తెరుచుకుంటుంది. అంటే గది తాళమే స్విచ్ తాళం.

చేతగాక కాదు సుమండీ. ఇదే నేల మీద ఇంతకన్నా బరువైన తాళాలు వేసిన చరిత్ర మనకుంది. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఆ దొరతనం నుంచి మనకి దక్కిన ట్రెజరీల్లో డబుల్ లాక్ అని ఒక పద్ధతుంది. ఒక తాళంచెవి ట్రెజరీ ఆఫీసరు దగ్గర, ఇంకోటి ట్రెజరర్ దగ్గర. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితేగానీ స్టాంపు కాగితాల బీరువా తెరుచుకోదు. ఎవరు తీశారో, ఎన్ని తీశారో పుస్తకంలో పడుతుంది. పది రూపాయల స్టాంపు కాగితానికి రెండు తాళాలు, జిల్లా జీతాలన్నీ ప్రవహించే పెట్టెకి ఒక స్టిక్కరు.

ఇంకా దగ్గరికి వస్తాను. నియమగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది, ఆ కొండ మీద బాక్సైటు గని తవ్వాలో వద్దో అక్కడి గ్రామసభలే తేల్చాలని. ఆ ఏడు జూలై, ఆగస్టుల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో అయిదు, మొత్తం పన్నెండు ఊళ్ళలో సభలు జరిగాయి. ప్రతి సభలోనూ జిల్లా జడ్జి కూర్చున్నాడు. డోంగ్రియా కోందు ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్కొక్కరే లేచి మాట చెప్పారు, మాట మాటా రికార్డులోకెక్కింది. పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఎవరికి అధికారముంది, ఎవరు ఏమన్నారు, ఎప్పుడన్నారు అన్న మూడూ అడవిలో, చెట్ల కింద, కువి భాషలో తేలిపోయాయి. ఆ సభల్లో 'అడ్మిన్' అనే పేరుతో ఎవరూ వేలిముద్ర వెయ్యలేదు. ఈ జిల్లావాళ్ళకి లాగింగ్ గురించి నేర్పడానికి పట్నం నుంచి పవర్‌పాయింట్ పట్టుకొచ్చేవాళ్ళు ముందు ఆ రికార్డులు చదివి వస్తే బాగుంటుంది.

"అయినా మన రాయగడ స్విచ్‌ని ఎవడు చూస్తాడండీ?" ఇది అడ్మిన్‌గారి వకీళ్ళు ఎప్పుడూ వాడే ఆఖరి బాణం. నాగావళి ఒడ్డున, కొండల మధ్య, గూగుల్ మ్యాపే తడబడే చోట మనల్ని వెతుక్కుంటూ రష్యా నుంచి ఎవడొస్తాడని. ఎవడూ వెతకడు. అదే తిరకాసు. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీమ్యాప్ అనే పనిముట్టు చేసి చూపించారు. ఒక మామూలు కంప్యూటరు, ఒక మంచి లైను ఉంటే, ఇంటర్నెట్‌లోని పాత తరహా చిరునామాలన్నిటికీ ఒక్కొక్క తలుపు తట్టి రావడానికి ముప్పావుగంట చాలు. తట్టేవాడికి రాయగడా న్యూయార్కూ ఒకటే. 2016లో మిరాయ్ అనే పురుగు సరిగ్గా ఈ పనే చేసింది. టెల్‌నెట్ తలుపులు తట్టుకుంటూ, అరవై చిల్లర ఫ్యాక్టరీ పేర్లూ పాస్‌వర్డ్‌లూ ప్రయత్నిస్తూ, లక్షల కెమెరాలనీ రౌటర్లనీ పట్టింది. ఆ ఏడు అక్టోబర్ 21న, పెద్ద పెద్ద వెబ్ సైట్ల చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూగబోయాయి. ఆ జాబితాలో అడ్మిన్‌గారి పేరుందా అని అడక్కండి, పలు సార్లు ఉంది.

మన దేశంలో 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ పడింది. దెబ్బతిన్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివి. మార్చుకోండి బాబూ అని సంస్థే జనాన్ని వేడుకుంది. 2018 ఏప్రిల్‌లో సిస్కో స్విచ్‌లలోనే స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే, చాలామందికి ఉందనే తెలియని తలుపులోంచి ఎవరో దూరి, ఇరాన్‌లో, రష్యాలో స్విచ్‌ల కాన్ఫిగరేషన్ చెరిపేసి, మా ఎన్నికల జోలికి రావద్దని అమెరికా జెండా బొమ్మ వేసి పోయారు. 'నో వీస్టాక్' అని ఒక్క పంక్తితో మూసుకోదగ్గ తలుపది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కి చిక్కి, అంత పేరున్న పెద్దాసుపత్రి రోజుల తరబడి కాగితం కలాలతో ఓపీ చీటీలు రాసుకుంది. నెట్‌వర్క్‌లో అడ్డుగోడలు సరిగా లేకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అడ్డుగోడలు కట్టేది ఎక్కడో గుర్తుందిగా? కూలర్ పక్కన.

ఇంత తెలిసీ ఎందుకు చెయ్యరు? బద్ధకమని కొందరు, చదువు లేక అని కొందరు అంటారు. నేనొప్పుకోను. బద్ధకస్తులైతే గేటు రిజిస్టరు అంత శ్రద్ధగా రాయరు. ఒక్కో మనిషికి ఒక్కో పేరు పెట్టి, సీక్రెట్ ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్ తప్ప ఇంకేదీ రానివ్వకుండా, ఫలానా రెండు కంప్యూటర్ల నుంచి మాత్రమే లోపలికి రావాలని కట్టడి చేసి, అయిదు నిమిషాలకి సెషన్ మూతపడేలా చూసి, గడియారం కలిపి, లాగ్ బయటి సర్వర్‌కి పంపడానికి స్విచ్‌కి అరగంట పడుతుంది. పైసా ఖర్చు లేదు. కొంపలంటుకునేది అక్కడే. పైసా ఖర్చు లేని పనికి టెండరు ఉండదు. టెండరు లేకపోతే అందరికన్నా తక్కువ ధర రాసిన ఎల్‌వన్ లేడు. ఎల్‌వన్ లేకపోతే ఆ పని మీద ఎవరికీ ఆసక్తి లేదు. దానికి శంకుస్థాపన చెయ్యలేం, రిబ్బను కత్తిరించలేం, కొబ్బరికాయ కొట్టి ఫోటో దిగలేం. అదే యాభై లక్షల ఫైర్‌వాల్ అనండి, రేపే ఫైలు కదులుతుంది. దానికీ లోపల అడ్మిన్‌గారినే కూర్చోబెడతారనుకోండి, అది వేరే సంగతి.

ఖర్చొక్కటే అయితే ఏదో కష్టపడి పెంచి చూపించవచ్చు. అసలు చిక్కు ఇంకా లోపలుంది. ఒక్కో మనిషికి ఒక్కో పేరు పెడితే, చేసిన ప్రతి పనికీ ఒక మనిషుంటాడు. మన ఆఫీసు వ్యవస్థ వందేళ్ళుగా చెమటోడ్చి కట్టుకున్నదంతా ఏ పనికీ ఏ మనిషీ లేకుండా చూసుకోడానికే. 'నిర్ణయించబడినది', 'ఉత్తర్వు ఇవ్వబడినది' అని రాస్తాం, ఎవరి చేత అన్నది ఎప్పుడూ రాయం. అటువంటి ఇంటికి కంప్యూటరొచ్చి, పేరు టైపు చెయ్యమని అడిగింది. ఎవరి పేరు చెప్పాలో తెలియక గుటకలు మింగుతుండగా, ముందే పెట్టిన పేరొకటి తళుక్కున కనపడింది. అందరిదీ, ఎవరిదీ కానిది. ఇంత సుఖాన్నిచ్చిన మహానుభావుణ్ణి ఎవరు కదిలిస్తారు? పాస్‌వర్డ్ పంచుకోవడం ఇక్కడ తెలియక జరిగే పొరపాటు కాదు, తెలిసి రాసుకున్న బీమా పాలసీ.

కొత్త కాలం మాత్రం ఆగదు. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజన్ కార్యాలయ భవనానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఒక డివిజన్ వస్తుందంటే దాని వెంట బ్యాంకులు, హోటళ్ళు, కాంట్రాక్టర్ల ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు వస్తాయి. ప్రతి చోటా ఒక ఇనప పెట్టె, ప్రతి పెట్టెలో ఒక కొత్త స్విచ్. స్విచ్‌లు కూడా పూర్వంలా లేవు. మన గురించి వాటికి ఎవరో బాగా చెప్పినట్టుంది. వెనకటికి మొదటిసారి కరెంటు పెట్టగానే, 'మొదటి ఏర్పాట్లు చేసుకుందామా' అని మర్యాదగా అడిగేది. వద్దని కొడితే ఏ రహస్యపదమూ లేకుండానే తప్పుకునేది. ఇప్పటి సిస్కో కొత్త సాఫ్ట్‌వేర్ వద్దన్నా వదలదు. రహస్యపదం పెట్టితీరాలి, కనీసం పది అక్షరాలుండాలి, ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, ఒక అంకె ఉండాలి, అందులో తన కంపెనీ పేరు ఉండకూడదు అని నిలదీస్తుంది. సొంత పేరునే నిషేధించుకున్నారంటే ఎంత నలిగిపోయి ఉంటారో చూడండి.

అటువంటి ఏదో ఒక కొత్త ఆఫీసులో, ఇంకా పెయింటు వాసన పోని గదిలో, ఒక కుర్రాడు తెర వైపు కాసేపు చూస్తాడు. జేబులోంచి ఫోన్ తీస్తాడు.

"అన్నా, ఇది ఊరుకోట్లేదు. పది అచ్చరాలు కావాలంట. ఏటి పెట్టీమంటావు?"

"ఊరి పేరు, ఎట్టు, ఒకటి రెండు మూడు. ఎన్నయ్యాయి?"

"పన్నెండు."

"సరిపోద్ది కదేటి. పెట్టీ. గ్రూపులో కూడా పెట్టీ."